నిరుటి జవాబు

సోయాబీన్ రైతులకు కబుర్లు, సలహాలు చెప్పే కొలువులోకి కొత్తగా వచ్చిన పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మీలో ఒకరు నేను కూర్చున్న కుర్చీలోనే కూర్చుంటున్నారని విన్నాను. దాని ఎడమ చెయ్యి ఊడి వస్తుంది, జాగ్రత్త. నా ఉద్యోగంలో చెప్పుకోదగ్గ ఘనకార్యాలేమీ లేవు. శాలువా కప్పించుకున్న ఫోటో ఒక్కటీ లేదు. ఒక్క ముచ్చట మాత్రం ఉంది, అది చెప్పకుండా ఊరుకుంటే నాకు మనసున పట్టదు.

చంద్రపూర్‌లో మాది రెండు గదుల ఆఫీసు. ఒక గదిలో బల్లలు, కంప్యూటర్లు. రెండో గదిలో గోడలకు పాత దుప్పట్లు కొట్టి, దాన్ని రికార్డింగ్ గది అనేవాళ్ళం. రోజూ పొద్దున్నే రైతుల ఫోన్లకు వాయిస్ మెసేజీ పోవాలి. మరాఠీలో ఒకటి, తెలుగులో ఒకటి. ఇక్కడ తెలుగేమిటని అడిగేవాళ్ళు బయటివాళ్ళు. రాజురా, కోర్పనా తాలూకాల సరిహద్దు ఊళ్ళలో ఏ తరం నుంచో తెలుగు రైతులున్నారు. వాళ్ళకు బడిలో మరాఠీ, బజారులో హిందీ, ఎడ్లతో తెలుగు.

నేను బొగ్గుగని కార్మికుడి బిడ్డను. నాన్న మంచిర్యాల వైపు నుంచి గనిలో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను చదివింది మరాఠీ బడి. తెలుగు అక్షరాలు పెళ్ళయ్యాక మా అత్తగారు నేర్పింది. కోడలికి పప్పు వండడం రాకపోయినా ఊరుకుంది గానీ, అక్షరాలు రాకపోతే ఊరుకోలేదు మహాతల్లి. ఆ అక్షరాలు పూర్తిగా చేతికి వచ్చేదాకా నా తెలుగు మెసేజీలను మరాఠీ లిపిలో రాసుకుని చదివేదాన్ని.

మొదటి వారం పెద్ద ఘనంగా చదివాను. "పైరు పెరుగుదల దశలో తేమ కొరత ఏర్పడే అవకాశం కలదు" అని, గొంతు సవరించుకుని మరీ. సాయంత్రం ఒక ముసలాయన ఫోను చేశాడు. "బిడ్డా, వార్తలు మంచిగ సదివినవ్. గని మాకేం జెప్పినవ్?" అన్నాడు. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మర్నాటి నుంచి "చేనుకు దూపైతున్నది, ఒక్క తడి ఇయ్యుండ్రి" అని చెప్పడం మొదలుపెట్టాను. ప్రతి మెసేజీ మొదట "అన్నలకు, అక్కలకు రాం రాం" అనేదాన్ని. ఆ రాం రాం నా పేరైపోయింది. ఊళ్ళలో నన్ను గొంతక్క అనేవాళ్ళట. ఆఫీసులో మాత్రం అందరికీ నేను తాయిని, అంటే మరాఠీలో అక్కను.

మా ఆఫీసులో మరాఠీ మెసేజీ చెప్పే ఆయన భజన మండలి మనిషి. వాన కబురు కూడా భజన పాడినట్టే చెప్పేవాడు. వాన రాదని చెప్పినా వినేవాళ్ళకు పుణ్యం వచ్చినట్టుండేది. పైన సైంటిస్టు సారు. మంచి మనిషి, మహా భయస్తుడు. ప్రతి మాట చివర "అని అంచనా" అనేవాడు. టీ బాగుందా సర్ అంటే, "బాగుందని అంచనా" అనేదాకా వచ్చింది వ్యవహారం. జీపు డ్రైవరు గోండ్‌పిప్రి వాడు, వరి పండించే ఇంటి నుంచి వచ్చినవాడు. సోయాబీన్ అంటే అతనికి చిన్నచూపు. "ఇది గూడ ఒక పంటేనా అక్కా? ఇంట్ల వండుకోరు, పండుగకు దేవునికి పెట్టరు. నూనె ఫ్యాక్టరీ కోసం పండించుడేంది?" అనేవాడు.

నవ్వేదాన్ని గానీ, అతని మాటలో నిజముంది. జొన్నకు, పత్తికి ఇంట్లో తాతలున్నారు. ఏ కార్తెలో వెయ్యాలో, ఏ పురుగుకు ఏం చెయ్యాలో వాళ్ళు చెప్తారు. సోయాకు తాత లేడు. అది ఈ నేలకు కొత్తకోడలు. దాని సంగతులు అడగాలంటే మాకు ఫోను చెయ్యాల్సిందే. అందుకే మా మాటకు అంత విలువ ఉండేది. ఆ విలువ నాది కాదు, ఆ పంటదని నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఇప్పుడిక అసలు ముచ్చట.

కోర్పనా తాలూకాలో సరిహద్దు దగ్గరి ఒక ఊరి నుంచి ఒక ఆడమనిషి మాకు వాయిస్ మెసేజీలు పెట్టేది. "అక్కా, రాం రాం. గిట్లయింది సూడు" అని మొదలుపెట్టేది. వెనక కోళ్ళ అరుపులు, గిన్నెల చప్పుడు. ఊళ్ళో మగవాళ్ళు "ఏ మందు కొట్టాలె" అని ఒక్క ముక్కలో అడిగి ఊరుకుంటే, ఈమె ఆకు రంగు, వాసన, పురుగు నడక అన్నీ వర్ణించేది. ఒకసారి "అక్కా, ఒక పురుగు మా సోయా కాడలకు కడియాలు తొడుగుతున్నది. పైనొకటి, కిందొకటి. రెండు కడియాల నడుమ కాడ ఎండిపోతున్నది" అంది. చక్రంలా కాడను కొరికే పురుగు అది. సారు చెప్పే ఇంగ్లీషు పేరుతో నేను రెండేళ్ళు మెసేజీలు చెప్పినా ఎవరికీ ఎక్కలేదు. మర్నాడు "కడియాల పురుగు" అన్నాను. వారం తిరగకుండా తాలూకా మొత్తం అదే పేరు. "అది శాస్త్రీయం కాదు" అని సారు గొణిగాడు. తర్వాత ఒక మీటింగులో ఆయనే కడియాల పురుగు అనడం నా చెవులారా విన్నాను.

నేనామెను చెల్లే అనేదాన్ని. పని మాట అయిపోయాక రెండు ముక్కలు ఊరి సంగతులు చెప్పేది. మొగుడు మంచోడని, చదువు రాదని, ఫోను పట్టుకుంటే పాము పట్టుకున్నట్టు చేస్తాడని నవ్వేది. "సోయా కోసినంక ఒక్కసారి రా అక్కా. జొన్నరొట్టె, పుంటికూర చేస్త" అని ఏటా పిలిచేది. వస్తా వస్తా అనేదాన్ని. మనం ఎక్కడికీ పోము పిల్లలూ. ఆఫీసు, ఇల్లు, నడుమ కూరగాయల బజారు. ఆమె ముఖం నేనెన్నడూ చూడలేదు. చూడాలని ఎంత ఉండేదో ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం ఎక్కడికి పోతుందిలే, కోర్పనాలోనే కదా ఉంది అనుకున్నాను.

మిరుగం, అంటే మృగశిర కార్తె వచ్చి, మొదటి వాన పడగానే ఆమె నుంచి ఒకటే ప్రశ్న వచ్చేది. "అక్కా, రాం రాం. వాన పడ్డది. ఎయ్యాల్నా, ఆగాల్నా?" తడి ఎంత దిగిందో చూడమనేదాన్ని. చేనుకు పోయి, చెయ్యి పెట్టి చూసి మళ్ళీ చెప్పేది. అప్పుడు నేను సారును అడిగి జవాబు ఇచ్చేదాన్ని. సోయా గింజ సుకుమారం. అరకొర తడిలో వేస్తే ఉబ్బుతుంది, మొలక ముక్కు బయట పెట్టి, కింద ఎండకు కాగిన నేల తగలగానే చస్తుంది. మళ్ళీ విత్తనం వెయ్యాలి. దాన్ని ఇక్కడ దుబార్ అంటారు. ఆ మాట వింటే రైతు ముఖం పాలిపోతుంది.

నేను చెప్పబోయే ఏడాది మిరుగం రెండో రోజు సాయంత్రం దంచి కొట్టింది వాన. చంద్రపూర్ వీధులు కాలవలయ్యాయి. కానీ అది ఒక్క పూట వాన. తర్వాత చాలా రోజులు మబ్బు కూడా ఉండదని సారు అంచనా. ఈసారి ఆయన అంచనా అనే మాటను కూడా గట్టిగానే అన్నాడు. మర్నాడు పొద్దున్నే మెసేజీ చెప్పాను. "అన్నలకు, అక్కలకు రాం రాం. వాన జూసి ఆగమాగం కావద్దు. పైన తడిసింది గని కింద భూమి ఇంక కాగుతనే ఉన్నది. ఎవ్వలు సోయా ఎయ్యద్దు. ఆగుండ్రి."

గంట గడవకముందే ఫోన్లు మొదలయ్యాయి.

"ఏందక్కా గిది? పొద్దుగాల ఆగుమంటివి, గిప్పుడు ఎయ్యమంటివి. గిదేం పంచాతి?"

నేనెక్కడ వెయ్యమన్నాను తమ్మీ అంటే, "నీ గొంతు మాకు ఎర్కలేదా?" అని కోపం చేశాడు. అదేదో నాకు పంపమన్నాను. పంపాడు. విన్నాను. నా గొంతే. "ఇగ ఆగకు చెల్లే, ఎయ్యి. జానెడు తడి దిగిందంటివి గదా, సాలు. నాల్గు దినాలల్ల వాన మల్ల ఉన్నది. గింజను లోతుకు దింపకు. పో, గొర్రు కట్టుకో."

మాటలు గుర్తుపట్టడానికి ఒక నిమిషం పట్టింది. నిరుడు ఆమె ఒక్కదానికి ఇచ్చిన జవాబు అది. నిరుడు నిజంగానే జానెడు దిగింది, నాలుగు రోజులకు వానా వచ్చింది, పంట విరగపండింది. ఆ మాట ఇప్పుడు ఈ ఏటి వానకు ఊళ్ళన్నీ తిరుగుతోంది. మా మెసేజీల్లో తేదీ చెప్పే అలవాటు లేదు. ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టుండాలని, తేదీ చెబితే మళ్ళీ వార్తల్లాగా ఉంటుందని మాకు మేమే గొప్పలు పోయాం.

"తాయి, ఇది మీ గొంతే కదా?" అన్నాడు సారు, ముఖం తెల్లబోయి.

"నా గొంతే సర్. నిరుటిది."

"మందు సీసా మీద ఉన్నట్టు గొంతు మీద కూడా ఎక్స్‌పైరీ రాయించాలి తాయి" అన్నాడు భజన ఆయన. ఇంకో రోజయితే నవ్వేదాన్ని.

వెంటనే ఇంకో మెసేజీ చెప్పాను, తిరుగుతున్నది పాతది, నమ్మవద్దని. దాంతో చిక్కు ఇంకా పెరిగింది. ఇప్పుడు ఊళ్ళలో నా గొంతులు మూడు. ఏది ముందుది, ఏది వెనకది అని జనం ఫోన్లు చేస్తూనే ఉన్నారు. ఆ చెల్లెకు ఫోను చేశాను. మోగింది, ఎత్తలేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నీకు చెప్పింది నువ్వు ఊరంతా పంచుతావా, ఎంత పని చేశావే అనుకుంటూ సారు దగ్గరికి పోయాను. జీపు కావాలన్నాను. ఆయన ఒక్క క్షణం కూడా అంచనా వెయ్యకుండా ఇచ్చేశాడు.

రాజురా దాటాం. ఉప్పర్వాహి వైపు సిమెంటు లారీల వెనక బురదలో నత్తనడక. ఆ తర్వాత చేలు మొదలయ్యాయి. రెండు వైపులా విత్తనం వేసే గొర్లు కట్టి ఉన్నాయి. కొన్నిచోట్ల ట్రాక్టర్లు. కనబడిన చోటల్లా డ్రైవరు జీపు ఆపి, "అరే థాంబా, థాంబా! ఎయ్యకుండ్రి!" అని అరుస్తూనే ఉన్నాడు. సోయాను తిట్టే మనిషి, ఆ రోజు అతని గొంతు బొంగురుపోయింది.

ఊళ్ళో టీ కొట్టు దగ్గర దిగాను. నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. నేను ఫలానా అని చెప్పుకున్నాను. ఒకాయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "గొంతక్కవా నువ్వు? గొంతక్క పడుచుపిల్ల గదా" అన్నాడు. తెల్ల వెంట్రుకలు, మోకాలికి పట్టీ, అదీ నా వాలకం. "అన్నలకు, అక్కలకు రాం రాం" అన్నాను, రోజూ అన్నట్టే. వాళ్ళంతా లేచి నిలబడ్డారు. చేతిలో చాయ పట్టుకుని ఒకాయన "అరే బాప్‌రే" అన్నాడు.

చెప్పాను, ఆ మాట నిరుటిదని, ఈసారి ఆగమని.

"నిరుడు నీ గొంతు ఇని ఏసినం. బంగారమసొంటి పంటచ్చింది" అన్నాడు మొదటాయన. "ఈయేడు నీ మొకం సూపిచ్చి ఆగుమంటున్నవ్. గొంతును నమ్మాల్నా, మొకాన్ని నమ్మాల్నా?"

"నన్నెందుకు నమ్ముతవ్ అన్నా? చేనుకు పోయి చెయ్యి పెట్టి సూడు. భూమిని నమ్ము" అన్నాను.

కొందరు తలూపారు. ఒకరిద్దరు అప్పటికే వేసేశామని తలవంచుకున్నారు. ఈ మాట ఎవరి ఫోన్లోంచి వచ్చిందని అడిగితే, ఆ చెల్లె మొగుడు నిన్న ఇక్కడే వినిపించాడని, ఒక కుర్రాడు దాన్ని తన ఫోన్లోకి తీసుకుని గ్రూపులో వేశాడని చెప్పారు. వాళ్ళిల్లెక్కడ అన్నాను. ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. "ఇంటికాడ ఎవలు లేరు. చేనుకాడున్నరు, పోండ్రి" అని దారి చూపించారు. నేను నా కోపంలో ఉండి ఆ చూపులు పట్టించుకోలేదు.

చేను గట్టు మీది నుంచి చూస్తే గొర్రు కట్టిన ఎడ్లు, ముందు ఒక మనిషి. వెనక విత్తనం పోసే జడ్డిగం దగ్గర కొంగు నడుముకు బిగించి ఒక ఆడమనిషి, నాకు వీపు పెట్టి నిలబడి ఉంది. గొర్రుకు పసుపు కుంకుమలు పెట్టారు. కొబ్బరికాయ కొట్టినట్టున్నారు, చెక్కలు గట్టు మీద ఉన్నాయి. ఇంకా సాలు మొదలుపెట్టలేదు. అమ్మయ్య అనుకుని, గట్టు మీది నుంచే కేకేశాను.

"చెల్లే! ఎంత పని జేస్తివే! గది నిరుటి మాట గాదా?"

ఆమె తిరిగింది. నా కంటే పెద్దది. పళ్ళు ఊడిన ముసలమ్మ.

దగ్గరికి పోయాక, "నువ్వు గొంతక్కవే గదా బిడ్డా" అంది మెల్లగా. "నేను వీని అక్కను. నువ్వు పిలిచిన మనిషి లేదు. చలికాలంల జొరమచ్చింది. చంద్రపూర్ దవాఖానకు తీస్కపోయినం. మల్ల మనిషిని తీస్కరాలే."

గట్టు మీద కూలబడ్డాను. చంద్రపూర్ దవాఖాన మా ఆఫీసుకు రెండు వీధుల అవతల. ఆమె అక్కడ పడుకుని ఉన్న రోజుల్లో నేను ఆ వీధిలోనే కూరగాయలు కొన్నాను. మంచుకాలంలో సోయా ఉండదు కాబట్టి ఆమె మెసేజీలు రాకపోవడం నాకు వింతగా తోచలేదు. మళ్ళీ మిరుగం వస్తే ఆమే అడుగుతుందిలే అనుకున్నాను.

ఆమె మొగుడు ఎడ్లను వదిలి వచ్చి నా ముందు నిలబడ్డాడు. సన్నటి మనిషి, నలభై అయిదేళ్ళుంటాయి. నేను చెయ్యి నేలలోకి పెట్టి చూపించాను. నాలుగు వేళ్ళ మందం తడి, అంతే. కింద మట్టి పొడిగా, వెచ్చగా ఉంది. "సూడు తమ్మీ. బెత్తెడే దిగింది" అన్నాను.

"నాకు తెల్వదా అక్కా?" అన్నాడు. "పొద్దుగాల్నే సూసిన."

"తెలిసి ఎందుకేస్తున్నవ్ మరి?"

అతను జేబులోంచి ఫోను తీశాడు. నిజంగానే పామును పట్టుకున్నట్టే పట్టుకున్నాడు. "నాకు సదువు రాదు. గుండ్రంగ మీ ఆఫీసు బొమ్మ ఉన్నకాడ ఒత్తుతే దాని మాట ఇనస్తది. ఏటా వాన పడంగనే అది అడుగుతుండె, నువ్వు చెప్తుంటివి, నేను గొర్రు కడుతుంటి. మా ఇంట్ల గదే రివాజు. నిన్న వాన పడ్డది. ఎవలు అడుగుతరు? గందుకే ఒత్తిన. అది అడిగింది. నువ్వు ఎయ్యమన్నవ్. ఇగ నేను ఆగితే దాని మాట తీసేసినట్టయితది గదా అక్కా?"

అతని అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఇత్తునం గూడ అదే దాసింది బిడ్డా" అంది. "నిరుడు కోసినంక ఒక్క గింజ పల్గకుండ కట్టెలతోని కొట్టిచ్చింది. సంచులు నేలకు తాకకుండ పలకల మీద పెట్టింది. ఒకదాని మీద ఒకటి పెడితే మొలక పోతదని గొంతక్క చెప్పిందనె. ఇంట్ల ఉన్నదంత గిదే. గిది పోతే దాని చేతి గింజ ఇగ లేదు."

ఆ సంచులు గట్టు పక్కనే ఉన్నాయి. నేను చెప్పిన ప్రతి మాటా ఆమె పాటించింది. ఆ గింజలన్నీ ఇప్పుడు నా గొంతు విని ఎండిన నేలలోకి పోబోతున్నాయి. పిల్లలూ, సలహా చెప్పడం అంటే ఏమిటో ఆ గట్టు మీద నాకు అర్థమైంది. మనం చెప్పి మరిచిపోతాం. విన్నవాళ్ళ ఇంట్లో అది ఉండిపోతుంది.

చనిపోయిన మనిషి అడగదు, ఆ ప్రశ్న నిరుటిది, వదిలెయ్యి అని అతనితో అనాలి. న్యాయంగా అయితే అదే అనాలి. నోరు రాలేదు. నాక్కూడా ఆమె గొంతు ఒక్కసారి వినాలనిపించింది. అదీ నిజమే.

"తమ్మీ, అది అడిగింది నాకినిపియ్యి" అన్నాను.

అతను ఒత్తాడు. కోళ్ళ అరుపులు, గిన్నెల చప్పుడు. "అక్కా, రాం రాం. వాన పడ్డది. ఎయ్యాల్నా, ఆగాల్నా?"

నా జవాబు మొదలయ్యేలోపు అతని చేతిలోంచి ఫోను తీసుకుని ఆపేశాను. ఆ బొమ్మ కిందనే వేలు నొక్కి పెట్టి మాట్లాడాను.

"రాం రాం చెల్లే. నేను మీ చేనుకాడికే అచ్చి సూసిన. బెత్తెడే దిగింది. కింద కాగుతున్నది. నువ్వు దాసిన గింజ మంచిగున్నది, దాన్ని గీ తడిల ఎయ్యద్దు. ఆగు. మంచి వాన పడ్డంక మల్ల అడుగు, చెప్త."

ఫోను అతనికి ఇచ్చాను. అతను నా కొత్త మాటను ఒకసారి పెట్టుకుని విన్నాడు. మళ్ళీ విన్నాడు. ఎడ్ల దగ్గరికి పోయి, కాడి మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "ఇగ సాలు. ఆగుమంటున్నది" అన్నాడు ఎడ్లతో.

ముసలమ్మకు వేరే చింత పట్టుకుంది. పూజ చేసిన గొర్రు ఒక్క సాలైనా వెయ్యకుండా ఇంటికి మర్లితే ఆ ఏడు ఇంటికి మంచిది కాదట. కొబ్బరికాయ కూడా కొట్టారు. మా డ్రైవరే గట్టు మీది నుంచి, "ఇంట్ల జొన్నలు లేవా అవ్వా? శాస్త్రానికి ఒక్క సాలు జొన్న పొయ్యి" అన్నాడు. ముసలమ్మ ముఖం విప్పారింది. ఊళ్ళోకి పోయి కొంగులో గుప్పెడు జొన్నలు తెచ్చింది. చేను అంచు వెంట ఒక్క సాలు వేశారు. సోయా సంచులు మళ్ళీ బండి ఎక్కాయి. రొట్టె తినిపొమ్మంది ముసలమ్మ. తిన్నాం. పుంటికూర లేదు, కారం ఉంది.

తిరుగు దారిలో జీపులో ఏడ్చాను. రాజురాలో చాయ తాగేటప్పుడు డ్రైవరు, "ఆమెది పడుచు గొంతు అక్కా" అన్నాడు.

సారు అంచనా తప్పలేదు. ఆ తర్వాత ఎండలు కాశాయి. తొందరపడ్డవాళ్ళ చేలల్లో దుబార్ పడింది. టీ కొట్టు దగ్గర ముఖాన్ని నమ్మాలా అన్న పెద్దమనిషి ఆగాడట, అందుకు నన్ను కాదు, తనను తాను మెచ్చుకున్నాడట. మా ఆఫీసులో ఆనాటి నుంచి రివాజు మారింది. రాం రాం తర్వాత వారం, తేదీ, ఏడు చెప్పాకే మాట. వార్తల్లా ఉంటే ఉండనీ అన్నాం.

చాలా రోజులకు మంచి ముసురు పట్టింది. రెండో రోజు పొద్దున నేను దుప్పట్ల గదిలో ఉండగా ఆఫీసు ఫోను మోగింది. అది మెసేజీ. పైన ఒక మాట లేదు, కింద ఒక మాట లేదు. ఆమె గొంతే. "అక్కా, రాం రాం. వాన పడ్డది. ఎయ్యాల్నా, ఆగాల్నా?"

అతనికి ఫోను చేసి తడి ఎంత దిగిందని అడిగాను. జానెడు దాటింది, పిడికిలి పడితే ముద్దయితున్నది అన్నాడు. ఆ మెసేజీని, అప్పుడు గ్రూపులో వేసిన కుర్రాడితోనే పంపించానన్నాడు. సారును అడిగాను. ఆయన తలూపాడు. అప్పుడు మెసేజీలో చెప్పాను, వారం, తేదీ, ఏడు చెప్పి మరీ. "ఇగ ఎయ్యి చెల్లే."

సాయంత్రం అతనే ఫోను చేశాడు. వేసేశామని చెప్పాడు. చెప్పాక కూడా పెట్టెయ్యలేదు.

"మీరిద్దరు మాట్లాడుకుంటుంటే ఇన్న అక్కా" అన్నాడు. "శానా రోజులైంది."

పంట బాగా వచ్చింది. అందులోంచే విత్తనం దాచాడు, పలకల మీదే పెట్టాడు. ఆ తర్వాత ఏటా మొదటి వానకు ఆ ప్రశ్న వచ్చేది. ఏటా కొత్త జవాబు చెప్పేదాన్ని. కొన్నేళ్ళు ఆగమన్నాను, కొన్నేళ్ళు వెయ్యమన్నాను. ఇంకో ముచ్చట కూడా చెప్పాలి. మిరుగం దగ్గర పడుతుంటే నేను వాన కోసం ఎదురుచూసింది రైతుల కోసం మాత్రమే కాదు.

ఉద్యోగం అయిపోయిన రోజు ఫోను, నంబరు రెండూ ఆఫీసుకు అప్పగించాను. అతనికి నా సొంత నంబరు ఇచ్చాను. పండుగలకు ఫోను చేస్తాడు, మంచిచెడ్డలు అడుగుతాడు. ప్రశ్న మాత్రం నా నంబరుకు పంపడు. "అది పంపింది ఆ నంబరుకే గదక్కా" అంటాడు. అతని మాటా నిజమే.

ఇప్పుడు మెసేజీలు మిషన్ గొంతు చెబుతోందట. విన్నాను కూడా. తేదీ తప్పదు, మాట తడబడదు. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు, దొరికితే బాగుండేది. వచ్చిన ప్రశ్నలకు కూడా అదే జవాబిస్తుందని, పాత మెసేజీలను గుర్తుపట్టి తీసేస్తుందని భజన ఆయన చెప్పాడు.

అందుకే ఇదంతా రాశాను పిల్లలూ. మిరుగం వానకు ఆ నంబరుకి ఒక ఆడమనిషి గొంతు వస్తుంది. వెనక కోళ్ళు అరుస్తుంటాయి. దాన్ని మిషన్‌కు వదలకండి, పాతదని తీసెయ్యకండి. ముందు ఆయనకు ఫోను చేసి తడి ఎంత దిగిందో అడగండి. సారును అడగండి. తేదీ చెప్పండి. జవాబు మాత్రం ఆమెకు చెప్పండి.